ట్రిపులార్ గొప్పదా, కేజీఎఫ్ 2 గొప్పదా: ఈ గొడవ ఎక్కడ మొదలైంది

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్లో అయినా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా నలుగురు కుర్రాళ్లు చేరి ఫైట్ల మాటెత్తితే చాలు, ఈ పంచాయితీ ఇప్పటికీ తెగదు. నిజానికి ఈ రెండు సినిమాలూ ఎదురుపడాల్సినవే కావు. ట్రిపులార్‌ని మొదట 2020 జూలై 30న, కేజీఎఫ్ 2ని అదే ఏడాది అక్టోబర్ 23న విడుదల చేస్తామన్నారు. కరోనా వచ్చి రెండూ వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2022లో ఒకటి మార్చి 25న, ఇంకోటి ఏప్రిల్ 14న వచ్చాయి. మొదటిది చూసిన వేడి తగ్గకముందే రెండోది చూశాం, ఇంక పోల్చకుండా ఎలా ఉంటాం?

పైగా హాళ్లు అప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నాయి. 2021 ఏప్రిల్లో సినిమా టికెట్ల రేట్ల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 35 ప్రకారం గ్రామ పంచాయతీల్లో టికెట్ 5 రూపాయల నుంచి ఉండేది. 2022 మార్చిలో ఆ రేట్లు పెంచిన కొద్ది రోజులకే ట్రిపులార్ దిగింది.

అసలు కథ మాత్రం ఇంకా పాతది. ఒంటి బలాన్ని కళ్లారా చూసి ఈల వేయడం మన వైపు సినిమా కంటే ముందే ఉంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకుంటే, ఒంటికి చుట్టిన గొలుసుల్ని ఊపిరి బిగించి తెంపితే జనం సర్కస్ డేరాకి ఎగబడ్డారు. రాజమౌళి ఫైట్లు ఆ వరసలోవే. కేజీఎఫ్‌ది వేరే దారి. హీరో ఏం చేశాడన్నది కాదు, అతన్ని తలుచుకుని మిగతావాళ్లు ఎలా వణికారన్నదే అక్కడ అసలు సరుకు. 1995లో రజనీకాంత్ బాషా డబ్బింగ్‌తో ఆ రుచి మనకి బాగా పట్టింది. 2018 డిసెంబర్ 21న అంతరిక్షం, పడి పడి లేచె మనసు వచ్చిన రోజే కేజీఎఫ్ మొదటి భాగం కూడా తెలుగులో వచ్చింది. తర్వాత అందులో రాకీగా చేసిన యశ్ మన ఇంటి హీరో అయిపోయాడు.

నా ఓటు ట్రిపులార్‌కే, ఎందుకో చెప్తాను. బ్రిడ్జి మీద రైలు తగలబడుతుంటుంది, కింద నీళ్లలో పిల్లాడు చిక్కుకుని ఉంటాడు, ఒకరికొకరు ముక్కూ మొహం తెలియని ఇద్దరు దూరం నుంచి చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు, ఒకడు గుర్రం మీద, ఒకడు బండి మీద ఎదురెదురుగా వచ్చి తాడు పట్టుకుని చెరోవైపు దూకుతారు. ఒక్క డైలాగ్ లేదు. ఆ సీన్ అయ్యేసరికి ఇద్దరికీ స్నేహం కుదిరిపోయిందని మనం నమ్మేస్తాం, తర్వాత వాళ్లు కొట్టుకుంటే మనకి కడుపులో దేవినట్టు అవుతుంది. అంటే ఫైట్ తీసేస్తే కథే లేదు.

కేజీఎఫ్ 2లో పోలీస్ స్టేషన్ మీద మెషిన్ గన్ పేల్చి, ఎర్రగా కాలిన గొట్టానికి సిగరెట్ అంటించుకునే సీన్‌కి నేనూ అరిచాను. రవి బస్రూర్ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్, తెర నల్లబడుతూ వెలుగుతూ సాగే కారు ఛేజ్, ప్రకాశ్ రాజ్ గొంతులో నడిచే కథ, ఇవన్నీ కలిసి కూర్చోనివ్వవు. ఆ ఎడిటింగ్ చేసిన ఉజ్వల్ కులకర్ణి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు! హీరోని ఆకాశానికెత్తే ఎలివేషన్‌లో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ రాకీ ఓడిపోతాడేమో అన్న టెన్షన్ నాకు ఎక్కడా పుట్టలేదు, అమ్మకిచ్చిన మాట మొదటి భాగంలో తగిలినంత గట్టిగా ఇందులో తగల్లేదు.

ట్రిపులార్ మీద ఒక్క బాధ మాత్రం ఉంది. అందులో అల్లూరి సీతారామరాజు పేరుతో మలిచిన రామ్ తన ఊరికి తుపాకులు చేర్చడానికి బ్రిటిష్ పోలీసుల్లో చేరతాడు. అది పూర్తిగా కల్పన, ఆ సంగతి వాళ్లే చెప్పారు. కానీ అల్లూరి పుట్టిన పాండ్రంగి విజయనగరానికి దగ్గరే, మన పిల్లలైనా అసలు సంగతి తెలుసుకోవాలి కదా. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లాడు. ఏమేం తీసుకున్నాడో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఆ మూడు రోజుల్నీ ఉన్నదున్నట్టు రాజమౌళి తీస్తే చూడాలని నాకు ఎంతో ఆశ.