విడాకులు, వివాహ రద్దు: విశాఖలో చట్టం వచ్చిన దారి

హిందూ వివాహ చట్టం అమల్లోకి వచ్చిన 1955 మే 18 నుంచే హిందువులకు విడాకుల హక్కు మొదలైందని చాలామంది అనుకుంటారు. విశాఖపట్నం విషయంలో అది సరికాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి, ఒక భార్య ఉండగా మరో పెళ్లిని నిషేధించి, విడాకులకు వీలు కల్పించిన మద్రాసు చట్టం 1949లోనే ఇక్కడ వర్తించింది. అంతకు చాలా ముందునుంచే అనేక కులాల్లో పెద్దమనుషుల ఎదుట తెగతెంపులు చేసుకోవడం, ఆపైన మారుమనువు ఆచారంగా ఉన్నాయి. కాబట్టి చట్టం కొత్తగా తలుపు తెరిచింది ప్రధానంగా వివాహబంధం తెగేది కాదని నమ్మిన వర్గాలకే. హిందువుల వివాహ, వారసత్వ నియమాలను సంస్కరించే హిందూ కోడ్ బిల్లుపై రేగిన తీవ్ర వ్యతిరేకతను, ఆ బిల్లు ముందుకు సాగక 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేయడాన్ని ఈ కోణంలోనూ చూడాలి.

1955 చట్టంలోని 29వ సెక్షన్ ఆచార విడాకులను కాపాడింది. అయితే స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసినంత మాత్రాన పెళ్లి తెగిపోదు. అటువంటి ఆచారం తమ కులంలో ఉందని కోర్టులో ప్రత్యేకంగా చెప్పి, రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. ఇక షెడ్యూల్డు తెగలకు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, ఈ చట్టమే వర్తించదు. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజనుల వివాహాలను చూసేటప్పుడు ఈ సంగతి మరవరాదు.

వివాహ రద్దు వేరే దారి. విడాకులు చెల్లుబాటయ్యే పెళ్లిని ముగిస్తాయి. రద్దు పెళ్లి పుట్టుకలోని లోపాన్ని పరిశీలిస్తుంది. భార్య లేదా భర్త బతికుండగా చేసుకున్న పెళ్లి, నిషిద్ధ బంధుత్వంలో చేసుకున్న పెళ్లి మొదటినుంచీ చెల్లవు. చట్టంలోని నిర్వచనం ప్రకారం మేనమామ మేనకోడలు, మేనబావ మేనమరదలు కూడా నిషిద్ధ బంధువులే. ఆచారం అనుమతిస్తే ఆ పెళ్లి చెల్లుతుందని చట్టమే మినహాయింపు ఇచ్చి ఉండకపోతే, కోస్తాలో తరతరాలుగా సాగిన మేనరికాలు ఒక్క వాక్యంతో చెల్లకుండా పోయేవి! నపుంసకత్వం, పెళ్లినాటికే భార్య మరొకరి వల్ల గర్భవతి కావడం, బలవంతంగానో మోసంతోనో సమ్మతి పొందడం వంటివి రద్దు కోరడానికి వీలిచ్చే కారణాలు. ముఖ్యమైన విషయాన్ని దాచి మోసంతో పెళ్లి చేశారనే ఫిర్యాదుకు, మోసం తెలిసిన ఏడాదిలోగా కోర్టుకు వెళ్లాలి. గడువు దాటితే విడాకుల దారే మిగులుతుంది.

ఆ దారి మొదట్లో చాలా ఇరుకు. క్రూరత్వం, విడిచిపెట్టి వెళ్లడం 1955లో నేరుగా విడాకులకు కారణాలు కావు. వాటితో విడిగా ఉండేందుకు డిక్రీ మాత్రమే దొరికేది. పెళ్లయిన మూడేళ్లలోపు సాధారణంగా విడాకుల పిటిషనే వేయరాదు. 1976 సవరణ ఆ రెండింటినీ విడాకుల కారణాల్లో చేర్చి, గడువును ఏడాదికి తగ్గించి, పరస్పర అంగీకారంతో విడిపోయే 13బీ సెక్షన్‌ను తెచ్చింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న నిబంధనను తగిన కేసుల్లో మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చింది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి చట్టం మరీ మొండిది: భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలగా, భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వం వంటి మరో తప్పునూ చూపాల్సి వచ్చేది. చట్టం పాఠంలో ఈ వివక్ష 2001 దాకా తొలగలేదు.

నా దృష్టిలో విశాఖ మహిళలకు అన్నిటికన్నా అక్కరకొచ్చినది 2003లో హిందూ వివాహ చట్టానికి పెద్దగా చర్చ లేకుండా వచ్చిన చిన్న సవరణ. భార్య తాను నివసించే చోటే కేసు వేయడానికి అది వీలు కల్పించింది. గాజువాకలోని పుట్టింటికి చేరిన ఆమె, హైదరాబాదులో ఉన్న భర్త మీద విశాఖ ఫ్యామిలీ కోర్టులోనే పిటిషన్ వేయవచ్చు.

కోలుకోలేనంతగా దెబ్బతిన్న పెళ్లిని ఆ కారణంతోనే ముగించే వీలుండాలని లా కమిషన్ 1978లో, మళ్లీ 2009లో సిఫార్సు చేసినా, అది హిందూ వివాహ చట్టంలోకి ఎక్కలేదు. ఆ పని, పూర్తి న్యాయం కోసం తనకు ప్రత్యేక అధికారమిచ్చే రాజ్యాంగం 142వ అధికరణ కింద తాను చేయగలనని సుప్రీంకోర్టు 2023 మే 1న చెప్పింది. ఆ అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు కాబట్టి, అవతలి వారు ఒప్పుకోనప్పుడు ఇక్కడి పిటిషన్లు సాధారణంగా ఏదో ఒక తప్పు మోపక తప్పదు.