చవక గిటార్‌కి ఏం తక్కువ?

పిల్లలూ,

మీరిద్దరూ కలిసి పంపిన ప్రశ్న చదివాను. చవకలో ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కుని, తర్వాత ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే అది మంచి గిటార్ అవుతుందా అని అడిగారు. అవుతుందని అక్క అంటోంది, డబ్బు దండగని తమ్ముడు అంటున్నాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉందని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అలా చెప్పే పెద్దవాళ్ళంటే నాకే చిరాకు. కాబట్టి సూటిగా చెబుతున్నాను. కొనండి. పార్టులు మాత్రం అప్పుడే మార్చకండి. చవక గిటార్‌లో తక్కువయ్యేది చాలావరకు సామాను కాదు, చేతిపని.

ఎందుకో చూడండి. గిటార్ నెక్ మీద, అంటే దాని పొడవాటి మెడ మీద, అడ్డంగా ఉండే లోహపు కమ్ముల్ని ఫ్రెట్లు అంటారని మీకు తెలుసు. అవి ఎక్కడెక్కడ ఉండాలో ఒక లెక్క ఉంది. తీగ మోగే పొడవుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండో ఫ్రెట్ వస్తుంది, అలా చివరిదాకా. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ రకం గిటార్‌లో ఆ పొడవు 648 మిల్లీమీటర్లు. అంటే మొదటి ఫ్రెట్ 36.4 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడతాయి. ఈ లెక్క తప్పితే ఇంకేం మార్చినా ఆ గిటార్ శ్రుతిగా పలకదు. ఇప్పుడు ఫ్రెట్లు కూర్చునే గాళ్ళు కంప్యూటర్ నడిపే యంత్రాలు కోస్తున్నాయి. యంత్రానికి గిటార్ ధర తెలియదు, చవకదైనా ఖరీదైనదైనా ఒకేలా కోస్తుంది.

అసలు తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండేలా ఆకురాయితో సమం చెయ్యాలి. వాటి చివర్లు గుండ్రంగా అరగదియ్యాలి. తల దగ్గర తీగలు కూర్చునే చిన్న ముక్కను నట్ అంటారు, దాని గాళ్ళు సరైన లోతుకు రుద్దాలి. ఇవన్నీ అనుభవమున్న మనిషి గిటార్ ముందు కూర్చుని ఓపిగ్గా చేసే పనులు. మనిషి గంటలకు డబ్బివ్వాలి కాబట్టి చవక గిటార్లలో కోత పడేది ఇక్కడే. అందుకే రంగు అద్దంలా మెరుస్తుంటుంది గానీ, నెక్ అంచున వేలు జరిపితే ఫ్రెట్ చివర్లు రంపంలా గీరుకుంటాయి.

నట్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎఫ్ కార్డ్ రావట్లేదని, వేళ్ళు నొప్పులని గిటార్ మూల పెట్టేస్తుంటారు. చాలాసార్లు తప్పు వాళ్ళ వేళ్ళది కాదు. నట్ గాళ్ళు తగినంత లోతుగా లేకపోతే మొదటి ఫ్రెట్ మీద తీగ ఎత్తుగా నిలబడుతుంది. దాన్ని కిందికి తేవాలంటే గట్టిగా నొక్కాలి, అంతగా నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. అంటే నొప్పికి నొప్పి, అపశ్రుతికి అపశ్రుతి. దీన్ని కనిపెట్టడం తేలిక. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడండి. వెంట్రుకవాసి ఉంటే బాగున్నట్టు. కాగితం మడత పెట్టి దూర్చేంత ఉంటే నట్ పని మిగిలిపోయినట్టే.

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసింది కాదు. నా మొదటి ఎలక్ట్రిక్ గిటార్ పేరూ ఊరూ లేనిది. కొన్నాళ్ళకే దాని మీద విసుగొచ్చింది. తీగ వంచి వదిలితే శ్రుతి తప్పేది. మూడో తీగ బిగిస్తుంటే 'టింగ్' మని చప్పుడు చేసి ఒక్కసారిగా ఎగిరేది. తీగల కింద ఉండి వాటి కదలికను పట్టే పికప్పులు చవకబారువి కాబట్టే ఇలా ఉందని ఎవరో అంటే నమ్మేశాను. శ్రుతికీ పికప్‌కీ సంబంధమేమిటని అడిగే తెలివి అప్పుడు లేదు. గిటార్ ధరకు దాదాపు సమానమైన పికప్పులు తెచ్చి, సోల్డరింగ్ ఐరన్ ఎలా పట్టుకోవాలో కూడా సరిగ్గా తెలియకుండా నేనే బిగించాను. ముందున్న ప్లాస్టిక్ పలక మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. శ్రుతి మునుపటిలాగే తప్పింది సరే, పైగా లావు తీగలు మీటితే స్వరం వణకడం మొదలైంది! కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలాగన్నమాట.

చివరికి రిపేర్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. తీగలు వదులు చేసి, నట్ గాళ్ళలో పెన్సిల్ ములికితో రుద్దాడు. ములికిలో ఉండే గ్రాఫైట్ వల్ల తీగ జారుగా కదులుతుందట, ఇరుక్కోదట. తర్వాత పికప్పుల పక్కనున్న స్క్రూలు తిప్పి వాటిని కాస్త కిందికి దించాడు. కొత్త పికప్పుల అయస్కాంతాలు తీగలకు మరీ దగ్గరగా ఉండి వాటిని లాగుతున్నాయి, స్వరం వణుకు దాని వల్లే. ఆ పని అంతా ముగిసేసరికి పావుగంట కూడా కాలేదు. డబ్బులు తీసుకోనన్నాడు. అది ఇంకా సిగ్గనిపించింది.

అలాగని పికప్‌లో ఏమీ లేదని కాదు. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే అందులో ఉంది. తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌లో అయస్కాంతాల చుట్టూ మిల్లీమీటరులో 0.06 వంతు మందం ఉండే రాగి తీగను దాదాపు 8,000 చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే కింద సిగ్నల్ పుడుతుంది. చవక వాటిలో తరచుగా ఉక్కు మేకుల కింద ఒక సిరామిక్ అయస్కాంతం అంటిస్తారు, ఖరీదైన వాటిలో ఆల్నికో అనే మిశ్రమలోహపు కడ్డీలు వాడతారు. తేడా చెవికి తెలుస్తుంది, కాదనను. కానీ సూత్రం ఒకటే, రాగి ఒకటే. ఆ తేడా మీకు వినబడాలంటే ముందు గిటార్ శ్రుతిలో ఉండాలి, తర్వాత యాంప్, అంటే శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె, బాగుండాలి. బొమ్మ రేడియో అంత స్పీకరున్న యాంప్‌లో ఎంత ఖరీదైన పికప్ పెట్టినా బొమ్మ రేడియోలాగే పలుకుతుంది. డబ్బులు మిగిలితే మొదట ఆలోచించాల్సింది యాంప్ గురించే.

చిన్నోడా, 'ఉన్నదున్నట్టు వాడుకోవాలి, మార్చడమేంటి' అన్నావు కదా. ఈ వాయిద్యం పుట్టుకే మార్చుకోవడానికి వీలుగా ఉంది. లియో ఫెండర్ గిటార్లు చెయ్యక ముందు రేడియోలు బాగుచేసేవాడు. 1950లో ఆయన అమ్మకానికి తెచ్చిన గిటార్‌కు, తర్వాత టెలికాస్టర్ అని పేరొచ్చిన దానికి, నెక్ జిగురుతో అతకలేదు. నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ కూడా అంతే. ఈ రోజు చవకలో దొరికే గిటార్లలో ఎక్కువ భాగం ఈ రెండింటి పోలికలే, అందుకే వాటికి పార్టులు అంత తేలిగ్గా దొరుకుతాయి. 1952 నాటి గిబ్సన్ కంపెనీ గిటార్ లెస్ పాల్ పద్ధతి వేరు, దానికి నెక్ అతికించి ఉంటుంది.

క్వీన్ అనే రాక్ బృందంలో వాయించిన బ్రయాన్ మే గురించి వినే ఉంటారు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు, 1963లో, ఇంజనీరైన తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ చెయ్యడం మొదలుపెట్టాడు. నెక్ కోసం వాడింది పాత చలిమంట గూటి పైన ఉండే చెక్క. తీగల్ని వణికించే చేతికర్ర చివర అల్లిక సూది ముక్క, దాని కింద మోటార్‌సైకిల్ ఇంజన్ వాల్వు స్ప్రింగులు. జీవితమంతా ఎక్కువగా వాయించింది దానితోనే. ఇంకో రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ కూడా లోపముందని చవగ్గా ఇచ్చిన బాడీకి వేరే నెక్ బిగించి, గిబ్సన్ గిటార్ పికప్ తీసి అందులో పెట్టుకున్నాడు. అవి చూపించి ఇంట్లో డబ్బులు అడుగుతారేమో, జాగ్రత్త! వాళ్ళు పార్టులు మార్చింది తమకు ఏ శబ్దం కావాలో ముందే చెవిలో ఉండబట్టి.

మార్చడంలో ఇంకో చిక్కుంది, దాని గురించి అమ్మేవాళ్ళు ముందుగా చెప్పరు. చూడటానికి ఒకేలా ఉన్నా కొలతలు కలవవు. తీగలు బిగించే ట్యూనర్లు కొత్తవి తెస్తే వాటికి 10 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, మీ గిటార్ తలకున్నది అంతకన్నా చిన్నది. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర తీగల మధ్య దూరం వేరు. వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్ పెద్ద సైజుది తెస్తే లోపలి గుంటలో పట్టదు. బాడీ మందం కొంచెం తక్కువుంటే కదిలే బ్రిడ్జి కింద ఉండే బరువైన ఉక్కు దిమ్మ వెనకవైపు పొడుచుకొస్తుంది. ఒకటి పట్టించడానికి ఇంకొకటి కొయ్యడం, దాన్ని కప్పడానికి మరొకటి కొనడం. నా పెట్టెలో ఇలా మిగిలిపోయిన సామానుతో ఒక గిటార్ తయారవుతుంది, నెక్ ఒక్కటే తక్కువ.

నెక్ అనగానే గుర్తొచ్చింది, కొనేటప్పుడు చూడాల్సింది అదే. మిగతావి మారతాయి, నెక్ మార్చాలంటే దాదాపు గిటారే మార్చినట్టు. ఆరు తీగలు కలిసి దాన్ని సుమారు 40 కిలోల బలంతో లాగుతుంటాయి. తలవైపు నుంచి కన్ను పెట్టి, తుపాకీ గురి చూసినట్టు చూడండి. ముందుకు కొద్దిగా వంగుంటే ఫరవాలేదు, లోపలున్న ఇనుప కడ్డీ తిప్పి సరిచేయొచ్చు. మెలి తిరిగుంటే మాత్రం వద్దు, ఎంత తక్కువకిచ్చినా సరే. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా మీటి చూడండి, కొట్టువాళ్ళు విసుక్కున్నా పట్టించుకోకండి. ఎక్కడైనా మూగబోతే దాని పక్కన ఏదో ఫ్రెట్ లేచినట్టు. రెండువైపులా తీగలకు తాళం వేసే రకం కదిలే బ్రిడ్జి చవక గిటార్ మీద ఉంటే దాన్ని వదిలెయ్యండి. దాని అంచులు మెత్తటి లోహంతో చేస్తే త్వరగా అరిగిపోయి శ్రుతి నిలవదు. కదలని బ్రిడ్జి ఉన్నది మేలు.

కొన్నాక మొదటి ఖర్చు కొత్త తీగలు. తర్వాత సెటప్, అంటే అన్నీ సరిగ్గా కుదర్చడం. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండుచోట్లా ఒకే తీగను నొక్కి, మధ్యలో ఏడో ఫ్రెట్ దగ్గర చూస్తే సుమారు పావు మిల్లీమీటరు సందుండాలి. లేకపోతే ఆ ఇనుప కడ్డీని పావు తిప్పు మాత్రమే తిప్పి మళ్ళీ చూసుకోవాలి, ఆత్రంగా పూర్తి చుట్టు తిప్పితే కడ్డీ చెడుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్ల నుంచి రెండు వరకు పెట్టుకోండి. ఆపైన అదే ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకనట్టు మీటినప్పుడు వచ్చే స్వరం, నొక్కి మీటినప్పటి స్వరం రెండూ ఒకటవ్వాలి. నొక్కినప్పుడు ఎక్కువ పలికితే బ్రిడ్జి మీదున్న చిన్న ముక్కను వెనక్కి జరపండి. మొదటిసారి తెలిసినవాళ్ళ చేత చేయించి పక్కన కూర్చుని చూడండి, రెండోసారి మీరే చెయ్యండి.

ఇంత చేశాక ఆరు నెలలు వాయించండి. అప్పటికీ ఏదైనా పీకుతుంటే ఆ ఒక్కటీ మార్చండి. వైరు కదిపితే గరగరలాడుతుంటే ఆ వైరు గుచ్చే జాక్ మార్చండి, చిన్న పని. వాల్యూమ్ తిప్పితే ఒక్కసారిగా పోతుంటే పాట్ మార్చండి. ఒక్క చుట్ట ఉన్న పికప్పులకు మామూలుగా 250కె (కిలో ఓమ్‌ల) పాట్, రెండు చుట్టలున్న హంబకర్ పికప్‌కు 500కె పెడతారు. యాంప్‌లో హమ్ భరించలేకపోతే హంబకర్ గురించి ఆలోచించొచ్చు. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో రెండు చుట్టలు ఎదురెదురుగా కలిపి, ఇంటి కరెంటు నుంచి వచ్చే ఆ హమ్ ఒకదాన్నొకటి కొట్టేసేలా చేశాడు. పేరులోనే ఉంది దాని పని.

డబ్బు లెక్కలో మాత్రం తమ్ముడి మాటే గెలిచింది. పార్టులన్నీ కలిపితే ఒక మెట్టు పై గిటార్ వచ్చేది. అమ్మేటప్పుడు మీరు పెట్టిన పికప్‌లకు ఎవరూ విడిగా డబ్బివ్వరు. అందుకే తీసిన పాత పార్టుల్ని పారెయ్యొద్దు. అమ్మాల్సివస్తే పాతవి తిరిగి బిగించి, కొత్తవి మీ తర్వాతి గిటార్‌కు పెట్టుకోండి. అక్కా, నీకు గెలుపు ఇంకోచోట ఉంది. సోల్డర్ చెయ్యడం, ఫ్రెట్ సమం చెయ్యడం ఖరీదైన గిటార్ మీద నేర్చుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. నా కాలిన మచ్చ చవక గిటార్ మీదే పడింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాయగలుగుతున్నాను.

వైర్లు ఊడదియ్యడానికి ముందు ఏది ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. స్క్రూలు మూత ఉన్న డబ్బాలో వెయ్యండి. మీరు చూసి పెట్టుకున్న ఆ గిటార్ ఫోటో ముందువైపుది పంపారు, అది నాకెందుకూ పనికిరాదు. తలవైపు నుంచి నెక్ పొడవునా కనిపించేలా ఒకటి తీసి పంపండి. చూసి ఫోన్ చేస్తాను.

మీ తాతయ్య