పాత కంప్యూటర్లు బెంగళూరులో ఏ దారిన పోతాయి?

మా బావమరిదిది హిందూపురం, పదేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఈ-వేస్ట్ రీసైక్లింగ్ యూనిట్ పెడతానంటున్నాడు, సర్క్యూట్ బోర్డుల్ని పొడి చేసే మిషన్‌కి కొటేషన్ కూడా తెప్పించాడు. "సరుకెక్కణ్ణుంచి వస్తుందిరా?" అంటే నవ్వేశాడు, "బెంగళూరులో పాత కంప్యూటర్లకి కరువా బావా?" అని. కరువేం లేదు. కానీ ఆ సరుకు ఇన్నేళ్లుగా ఎవరి చేతుల మీదుగా పోతోందో చూడకుండా మిషన్ కొంటే అది షెడ్డులో ఊరికే కూర్చుంటుంది.

1976లో కర్ణాటక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ కియోనిక్స్ పుట్టింది, ఎలక్ట్రానిక్స్ సిటీ దాని చలవే. 1983లో ఇన్ఫోసిస్ పుణె నుంచి ఇక్కడికి మారింది, 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది. అప్పట్లో కంప్యూటర్ పాడైతే బాగుచేయించుకోవడమే, పారేసే ఖరీదు కాదది. 1997లో మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందంలో చేరాక లెక్క మారింది. 2005 కల్లా కంప్యూటర్ల మీద దిగుమతి సుంకం సున్నాకి వచ్చేసింది, ధరలు దిగాయి, ఆఫీసులు కొన్నేళ్లకోసారి లాట్లకి లాట్లు మార్చేయడం మొదలుపెట్టాయి. పాతవి వేలంలో ఎక్కువ పాడినవాడికి పోయేవి.

ఆ పాడేవాళ్లు ఇక్కడ గుజరీ వాళ్లనే పాత సామాన్ల వ్యాపారులు. నడిచే మిషన్లు, పనికొచ్చే ర్యామ్‌లు, హార్డ్‌డిస్కులు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డు కొట్లకి చేరేవి. మిగిలిన తుక్కు గౌరీపాళ్య, నాయండహళ్లి వైపు పోయేది, అక్కడ ఇళ్ల మధ్యే విప్పి, విరగ్గొట్టి, వేరుచేసేవారు. రాగి కోసం వైర్లు కాల్చడం, బంగారం కోసం బోర్డుల్ని యాసిడ్‌లో వేయడం, ఆ నీళ్లు మోరీలోకి వదిలేయడం... ఇవీ జరిగాయి. దాన్ని వెనకేసుకు రావట్లేదు. అయితే బాగుచేసి మళ్లీ వాడించడంలో వీళ్లని మించినవాళ్లు ఇప్పటికీ లేరు, ఆ మాట ఎవరూ ఒప్పుకోరు.

ఇంత కష్టపడీ వాళ్లకి దక్కేది తక్కువే. 2000ల మధ్యలో జర్మనీ ప్రభుత్వ సహాయ సంస్థ జీటీజెడ్, స్విట్జర్లాండ్ పరిశోధన సంస్థ ఎంపా బెంగళూరులో పనిచేశాయి. ఇక్కడి యాసిడ్ పద్ధతిలో బోర్డులో ఉన్న బంగారంలో నాలుగో వంతు చేతికొస్తే గొప్పని, లోహాల్ని కరిగించి తీసే పెద్ద స్మెల్టర్లలో 95 శాతం పైగా వస్తుందని అప్పుడు తేలింది. దాంతో ఒక ఉపాయం పుట్టింది: విప్పే పని ఇక్కడే చేత్తో చేసి, బోర్డుల్ని మాత్రం బెల్జియంలోని యూమికోర్ లాంటి స్మెల్టర్‌కి పంపడం. తుమకూరు రోడ్డులోని దాబస్‌పేటలో 2005లో మొదలైన ఈ-పరిసర ఆ కాలం నాటిదే, ప్రభుత్వ అనుమతితో దేశంలో వచ్చిన మొదటి ఈ-వేస్ట్ యూనిట్‌గా పేరు. మా వాడికి నేను మరీ మరీ చెప్పిందేంటంటే, విప్పకుండా అంతా కలిపి మిషన్లో వేసి నలిపేస్తే బంగారం దుమ్ములోకీ, ఇనుములోకీ, ప్లాస్టిక్‌లోకీ చెదిరిపోతుంది, ఆ మేరకు నష్టం. స్క్రూడ్రైవర్ పట్టిన మనిషే ఇక్కడ అసలు మిషన్.

ఇక చట్టం. వస్తువు అమ్మే కంపెనీకే చివరిదాకా బాధ్యత అనే ఈపీఆర్ మాట 2012 మే 1 నుంచి అమలైన నిబంధనలతో వచ్చింది, ఇంత శాతం వెనక్కి సేకరించాలన్న టార్గెట్లు మాత్రం లేవు. 2016 నిబంధనల్లో టార్గెట్లు పెట్టారు, 2018లో వాటిని తగ్గించి 10 శాతం నుంచి మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్ 1 నుంచి మొత్తం తిరగరాశారు: తయారీదారు, తన బ్రాండు పేరుతో అమ్మే ఉత్పత్తిదారు, పాతవి బాగుచేసే రీఫర్బిషర్, రీసైక్లర్, ఈ నలుగురికే రిజిస్ట్రేషన్. విప్పడం ఒక్కటే చేసే డిస్మాంట్లర్ అనే గడి తీసేశారు, తుక్కు పనిలో చిన్నవాడు కాలు పెట్టగలిగే మెట్టు అదొక్కటే, అదీ పోయింది. ఇప్పుడు రీసైక్లర్‌కి బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము ఎంత తీశాడన్న లెక్కన సర్టిఫికెట్లు వస్తాయి, కంపెనీలు తమ టార్గెట్ చూపించుకోవడానికి వాటిని కొనాలి. అవి మరీ చౌకగా అమ్ముడవుతున్నాయని 2024లో ప్రభుత్వం కనీస ధర పెట్టింది, గృహోపకరణాలకి కేజీకి 22 రూపాయలు. అది మాకు భారమంటూ శాంసంగ్, ఎల్జీ, దైకిన్ లాంటివి ఢిల్లీ హైకోర్టుకెళ్లాయి. మా వాడి బిజినెస్ ప్లాన్‌లో ఆదాయం సగం ఈ సర్టిఫికెట్ల మీదే ఉంది, చూసి నాకే టెన్షనొచ్చింది.

నా లెక్కలో ముందు రీఫర్బిషర్‌గా మొదలుపెట్టడం మేలు. సరుకు మనల్ని నమ్మి రావడం మొదలయ్యాక మిషన్ సంగతి చూసుకోవచ్చు.

పోయిన వారం వాణ్ణి ఎస్పీ రోడ్డుకి తీసుకెళ్లా. ఓ కొట్టులో గోడకి ఆనించి పాత ల్యాప్‌టాప్‌లు పేర్చి ఉన్నాయి. "కేజీ ఎంత?" అన్నాడు మా వాడు. కొట్టాయన తలెత్తకుండానే స్క్రూలు విప్పుకుంటూ, "ల్యాప్‌టాప్ కేజీల్లెక్కన ఎవరిస్తారు సార్, పీసు రేటు చెప్తా" అన్నాడు.