పైపులు కట్టేసినా చచ్చిపోయిన వాగులు

వాగు చెడిపోతే ఏ ఫ్యాక్టరీ పైపు కలిసిందోనని వెతకడం చాలాకాలం అలవాటు. అమెరికాలో 1972లో వచ్చిన స్వచ్ఛ జల చట్టం కూడా మొదట పైపుల మీదే దృష్టి పెట్టింది. వాన నీటి కాలువలను గట్టిగా పట్టించుకున్నది 1987 సవరణతోనే. ఈలోగా ఊళ్లు పెరిగిన చోటల్లా వాగులు చిక్కిపోయాయి.

తెలియక జరిగింది కాదు, అదే బాధ. మేరీలాండ్ వాగులను పరిశీలించిన గోర్డన్ వోల్మన్ 1967లోనే లెక్క చెప్పారు. అడవిగా ఉన్న చదరపు మైలు నేల నుంచి ఏడాదికి కొట్టుకొచ్చే మట్టి 100 టన్నుల లోపే. సాగులోకి వస్తే కొన్ని వందల టన్నులు. ఇళ్ల కోసం గీకి చదును చేసిన చిన్న స్థలాల్లో చదరపు మైలు లెక్కన చూస్తే లక్ష టన్నులు దాటవచ్చు. ఆ ఒండ్రు వాగు అడుగున గులకరాళ్ల సందుల్లో దిగబడుతుంది. చేప గుడ్లకు ప్రాణవాయువు అందేది, నీటి పురుగులు తలదాచుకునేది ఆ సందుల్లోనే. అవి పూడిపోయాక పైన నీళ్లు ఎంత తేటగా పారినా కింద బతుకు లేదు.

ఇళ్లు లేచాక మట్టి రావడం తగ్గుతుంది, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. ఇళ్ల పైకప్పులు, రోడ్లు నేలను మూసేస్తాయి. ఇంకాల్సిన వాన ఒక్క ఊపున వాగులో పడి గట్లను కోసేస్తుంది. భూమిలోకి దిగింది తక్కువ కాబట్టి ఎండాకాలం ఊట తగ్గిపోతుంది. కాగిన తారు మీది నీరు వేడిని, నూనెను, లోహాలను మోసుకొస్తుంది. 1968లో అమెరికా జల శాస్త్రవేత్త లూనా లియోపోల్డ్ నగరాల ప్రణాళికలు వేసేవారి కోసమే ఈ మార్పులను వివరంగా రాసిపెట్టారు.

పరీవాహకంలో, అంటే వాన నీరు వాగుకు చేరే ప్రాంతంలో, సుమారు 10 శాతం నేల మూసుకుపోతే వాగు దెబ్బతింటుందన్న మాట 1990లలో బలపడింది. దాన్ని అనుమతించిన కోటాలా చూడటం తప్పని నా అభిప్రాయం. సున్నితమైన పురుగులు అంతకంటే ముందే కనుమరుగవుతాయని తర్వాతి పరిశీలనలు చూపాయి. పైగా అనుమతులు ఒక్కో స్థలానికి విడివిడిగా ఇస్తారు, వాగుకు మాత్రం ఆ స్థలాలన్నిటి నీళ్లూ కలిసే చేరతాయి.

వాషింగ్టన్ రాష్ట్రంలో గుడ్లు పెట్టడానికి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడగానే ఎందుకు చస్తున్నాయో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. టైర్ల అరుగుదల నుంచి పుట్టే ఒక రసాయనమే కారణమని 2020లో తేలింది. ఆ రసాయనం పేరు తెలియకముందే ఒక ప్రయోగం జరిగింది: రోడ్డు మీది వాన నీటిని ఇసుక, కంపోస్టు, చెట్టు బెరడు కలిపిన మట్టిలోంచి వడకట్టి వదిలితే చేపలు బతికాయి.