జర్నలిజం పరీక్షలు: రికార్డు మూసేసి థియరీ చదివితే ఏం పోతుంది? అపోహలు - వాస్తవాలు

సెమిస్టర్ చివర్లో జర్నలిజం పీజీ విద్యార్థులు చాలామంది ఒకటే పని చేస్తారు. ల్యాబ్ జర్నల్ (విద్యార్థులే తయారుచేసే పత్రిక), రేడియో ప్రోగ్రాం, సర్వే అన్నీ ఇంటర్నల్స్ కోసం ఇచ్చేస్తారు. రికార్డు మూసేస్తారు. ఆ తర్వాత థియరీ నోట్సు తెరుస్తారు. సెమిస్టర్ పరీక్షకైనా, అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌కైనా ఈ అలవాటే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

అపోహ: ప్రాక్టికల్స్ దారి వేరు, థియరీ దారి వేరు

గేట్‌కీపింగ్‌నే తీసుకోండి, అంటే ఏ వార్త లోపలికి రావాలో, ఏది ఆగాలో నిర్ణయించడం. ఆ మాట మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్‌ది. దాన్ని వార్తలకు అన్వయించిన డేవిడ్ మానింగ్ వైట్ అధ్యయనం 1950లో అచ్చయింది. ఆయన చేసిన పని వినడానికి చాలా చిన్నది. ఒక చిన్న పట్టణపు పత్రికలో ఏజెన్సీ వార్తలు చూసే ఎడిటర్ చేత, పక్కన పడేసిన ప్రతి కాపీ (రాసి వచ్చిన వార్త) మీదా ఎందుకు పడేశారో వారం పాటు రాయించారు. వచ్చిన వార్తల్లో పదింట తొమ్మిది వంతులు పేజీ ఎక్కలేదు. చోటు చాలకపోవడం ఒక కారణమైతే, ఆ ఎడిటర్ సొంత ఇష్టాయిష్టాలు మరో కారణం.

మీ ల్యాబ్ జర్నల్ డెస్కులోనూ జరిగేది ఇదే. నాలుగు పేజీల టాబ్లాయిడ్‌కి 30 కాపీలు వచ్చి 12 పడ్డాయనుకుందాం. పడిన పన్నెండూ రికార్డులో అతికిస్తారు. పరీక్షకు పనికొచ్చేది మాత్రం ఆగిపోయిన పద్దెనిమిదే. పేజీలు కట్టే రోజే నోట్‌బుక్కులో మూడు గళ్లు గీయండి: ఏ వార్త, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు. "హాస్టల్లో నీళ్ల కొరత, ఎడిటర్, వార్డెన్ వివరణ లేదు." "ఫెస్ట్ రెండో ఐటెమ్, పేజీ ఇన్‌చార్జి, యాడ్ వచ్చి సింగిల్ కాలమ్ ఎగిరిపోయింది." ఇంతే. మర్నాడు రాద్దామనుకుంటే అసలు కారణం గుర్తుండదు, మర్యాదైన కారణం మాత్రమే గుర్తొస్తుంది.

ఇప్పుడు జవాబులో వాక్యం ఎలా మారుతుందో చూడండి. "గేట్‌కీపర్ వార్తలను వడపోస్తాడు" అని హాలంతా రాస్తుంది. "ఆగిన 18 కాపీల్లో 11 చోటు చాలక, 4 వివరణ లేక, 3 డెడ్‌లైన్ దాటి ఆగాయి, ఈ సంచికలో వ్యక్తి ఇష్టం కన్నా పేజీ పరిమితే పెద్ద గేటు" అని రాస్తే వైట్ చెప్పినదాన్ని మీరు సొంతంగా సరిచూసినట్టు. పేపర్ దిద్దేవారికి ఆ తేడా వెంటనే కనిపిస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. వార్తా విలువల (ఒక సంఘటన ఎందుకు వార్తవుతుందన్న) ప్రశ్నకు పరిశోధకులు గాల్టుంగ్, రూగె 1965లో చెప్పిన పన్నెండు అంశాలను కాలేజీ వార్తలకు యథాతథంగా తగిలించేస్తుంటారు. వాళ్లు చూసింది కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నార్వే పత్రికలు ఎలా ఇచ్చాయన్నది. అంటే అవి విదేశీ వార్తలు. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, మీ సంచికలో ఏ అంశం పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నది రాయండి.

అపోహ: కమ్యూనికేషన్ నమూనా బొమ్మ గీస్తే సగం మార్కులు వచ్చినట్టే

తప్పు బొమ్మ గీస్తే ఉన్నవీ పోతాయి. షానన్-వీవర్ నమూనాకు ఫీడ్‌బ్యాక్ బాణం (అందుకున్నవారి స్పందన పంపినవారికి తిరిగి చేరుతుందని చూపేది) పెట్టడం తరచూ కనిపించే పొరపాటు. 1948 నాటి షానన్ పని సిగ్నల్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి చెడకుండా చేర్చడం గురించి. అందులో ఆ బాణం లేదు. ఎవరు, ఏమిటి, ఏ మార్గంలో, ఎవరికి, ఏ ప్రభావంతో అన్న లాస్‌వెల్ ఐదు ప్రశ్నల్లోనూ లేదు. ఇద్దరూ ఒకరికొకరు పంపుతూ, అర్థం చేసుకుంటూ ఉండే వలయం ఆస్‌గుడ్-ష్రామ్‌ది.

నాయిస్‌కి, అంటే సందేశానికి అడ్డొచ్చేదానికి, ఉదాహరణ మీ రేడియో ప్రోగ్రాంలోనే ఉంది. ఏసీ ఆపకుండా రికార్డు చేస్తే గొంతు వెనక సన్నటి హోరు వస్తుంది. మైకు నోటికి మరీ దగ్గరైతే "ప", "బ" దగ్గర ఫట్‌మంటుంది. ఇది ఛానెల్‌లో నాయిస్. "జీఎస్‌డీపీలో ద్రవ్యలోటు" అని చదివేసి వివరించకపోతే సిగ్నల్ శుభ్రంగానే చేరుతుంది, అర్థమే చేరదు. దాన్ని అర్థానికి సంబంధించిన నాయిస్‌గా విడిగా చూపించాలి. రెండూ కలిపి రాస్తే జవాబు పలచబడిపోతుంది.

అపోహ: గూగుల్ ఫారం అన్ని గ్రూపుల్లో పెడితే అది ర్యాండమ్ శాంపిల్

కాదు. ర్యాండమ్ అంటే జాబితాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. ఇక్కడ దొరికినవాళ్లు నింపారు కాబట్టి అది సౌకర్యం కొద్దీ తీసుకున్న శాంపిల్. అలా తీసుకోవడం నేరమేమీ కాదు. దాన్ని ర్యాండమ్ అని పిలవడమే తప్పు. వైవాలో పట్టుబడేది కూడా ఎక్కువగా ఇక్కడే. 112 మంది నింపితే ఆ 112 మంది గురించి చెప్పండి, "హైదరాబాద్ యువత" గురించి కాదు.

నిజంగా ర్యాండమ్ కావాలంటే ముందు పూర్తి జాబితా ఉండాలి. హాజరు పట్టీలో 240 పేర్లుంటే, 40 మంది కావాలంటే, ప్రతి ఆరో పేరు తీసుకోవాలి. 1 నుంచి 6 లోపు ఒక అంకె చీటీ తీయండి. 4 వస్తే 4, 10, 16... అలా వెళ్లండి. పదో నంబరు ఆ రోజు రాలేదని పక్కనున్న స్నేహితుడితో నింపించారంటే పద్ధతి చెడిపోయినట్టే. రెండుసార్లు వెళ్లి అడగండి. అప్పటికీ దొరక్కపోతే "స్పందన లేదు" అని లెక్కలో చూపండి.

తర్వాతి గొయ్యి కై-స్క్వేర్, అంటే రెండు అంశాలకు సంబంధం ఉందో లేదో లెక్కగట్టే పరీక్ష. 40 మందిని ఐదు స్థాయిల జవాబులు, మూడు వయసుల వారీగా విడగొడితే 15 గళ్లవుతాయి. సగటున గడికి ముగ్గురు కూడా ఉండరు. గడికి ఉండాల్సిన అంచనా సంఖ్య 5 కన్నా తగ్గితే ఆ ఫలితాన్ని నమ్మలేం. "పూర్తిగా ఒప్పుకుంటాను", "ఒప్పుకుంటాను" లాంటి పక్కపక్క స్థాయిలను, అవసరమైతే వయసులనూ, అంచనా 5కి చేరేదాకా కలిపేసి గళ్లు తగ్గించండి. నెట్ సిలబస్‌లో పదో యూనిట్ కమ్యూనికేషన్ రీసెర్చే. ఇదంతా సొంతంగా ఒక్కసారి చేసినవాళ్లకు అందులో ప్రశ్నలు కొత్తగా అనిపించవు.

అపోహ: మీడియా లాకి సీనియర్ల నోట్సు సరిపోతుంది

ఈ ఒక్క పేపర్‌కి మాత్రం పాత నోట్సు ప్రమాదం. పరువు నష్టం ఐపీసీ 499 అని అందులో ఉంటుంది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. పత్రికల రిజిస్ట్రేషన్‌కి 1867 నాటి చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. పత్రికా స్వేచ్ఛ అన్న మాట రాజ్యాంగంలోని 19(1)(ఎ)లో ఉందని రాయకండి. అక్కడున్నది భావ ప్రకటనా స్వేచ్ఛ, అందులోంచి పత్రికా స్వేచ్ఛను కోర్టులు గుర్తించాయి.

అపోహ: నెట్ అంటే సంవత్సరాల బట్టీ

సంవత్సరాలు కావాలి, నిజమే. కాలక్రమంలో అమర్చమనే ప్రశ్నలు, జతపరచమనే ప్రశ్నలు బాగానే వస్తాయి. కానీ ఒకే పనికి రెండు తేదీలుంటాయి, బట్టీ పట్టినవాళ్లు అక్కడే తికమకపడతారు. మెకోంబ్స్, షా ఎజెండా సెట్టింగ్ (జనం దేని గురించి ఆలోచించాలో మీడియా నిర్ణయిస్తుందన్న సిద్ధాంతం) కోసం అమెరికాలోని చాపెల్ హిల్ ఓటర్లను అడిగింది 1968 ఎన్నికలప్పుడు, అచ్చయింది 1972లో. లాజర్స్‌ఫెల్డ్ బృందం అమెరికాలోనే ఈరీ కౌంటీలో ఓటర్లను కలిసింది 1940లో, పుస్తకం 1944లో. ప్రతి పేరు పక్కనా రెండు గళ్లు పెట్టుకోండి: చేసింది, అచ్చయింది.

అభివృద్ధి కమ్యూనికేషన్‌లో సైట్ (ఉపగ్రహం ద్వారా బోధనా టీవీ) ప్రయోగం మన ప్రాంతం మీదుగా గుర్తుంటుంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు చేరాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. తప్పుకు మార్కు కోత లేదు కాబట్టి ఒక్కటి కూడా వదలకండి. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో చదివేవాళ్లు ప్రతి పారిభాషిక పదాన్నీ ఇంగ్లిష్ రూపంతో కలిపి రాసుకోవాలి. సెమిస్టర్ పరీక్షలో మూడు గంటలకు ఐదు పెద్ద ప్రశ్నలుంటే ఒక్కోదానికి 35 నిమిషాలు కేటాయించి, అందులో మొదటి మూడు నిమిషాలు మీ రికార్డులోని ఏ పేజీ దీనికి సరిపోతుందో ఆలోచించడానికి ఉంచుకోండి.