శ్రమకాలం, మిషన్ ప్రార్థన: అపోహలు - వాస్తవాలు

సంఘంలో మిషన్ ప్రార్థనలు, అంటే సువార్త చెప్పడానికి వెళ్ళినవాళ్ళ కోసం చేసే ప్రార్థనలు, నడిపించే పని నాది. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలమైన శ్రమకాలం (లెంట్) మొదలయ్యే భస్మ బుధవారం దగ్గరపడితే చాలు, ఏటా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: శ్రమకాలం మన పాపాలు ఒప్పుకోవడానికి, మిషన్ సంగతి తర్వాత చూద్దాం.

వాస్తవం: పశ్చాత్తాపం వద్దని ఎవరన్నారు? కానీ బైబిల్లో అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం తీసి చూడండి. అంతియొకయ సంఘం ఉపవాసంలో ఉండగానే బర్నబాను, సౌలును (తర్వాత పౌలు) ప్రత్యేకపరచమని పరిశుద్ధాత్మ చెప్పాడు, వాళ్ళు మళ్ళీ ఉపవాసముండి ప్రార్థించి, చేతులుంచి పంపేశారు. పంపింది తమ బోధకుల్లో ఇద్దర్ని, పనీపాటా లేనివాళ్ళని కాదు! ఆ తర్వాతి శతాబ్దాల్లో ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళని సిద్ధపరిచింది కూడా ఈ రోజుల్లోనే. అంటే కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్ళ కోసం సంఘం ఎదురుచూసే కాలం ఇది, మనమే దీన్ని సొంత వ్యవహారంగా మార్చేసుకున్నాం.

అపోహ: నలభై రోజులంటారు, క్యాలెండర్‌లో లెక్కేస్తే 46 వస్తున్నాయి, ఎక్కడో తేడా ఉంది.

వాస్తవం: ఆదివారాలు కలపరు. అంతే.

అపోహ: తిండి మానేస్తేనే ఉపవాసం.

వాస్తవం: షుగర్ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగండి. ఫోన్‌లో గడిపే గంట మానేసి ఆ గంట ప్రార్థనకి ఇచ్చినా తక్కువేం కాదు.

అపోహ: మిషనరీ అంటే ధనిక దేశం నుంచి పేద దేశానికి వెళ్ళేవాడు.

వాస్తవం: ఈరోజు క్రైస్తవుల్లో ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లోనే ఉన్నారు. దక్షిణ కొరియా, బ్రెజిల్, నైజీరియా సంఘాలు యూరప్‌కి కూడా మిషనరీలను పంపుతున్నాయి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మన దేశపు క్రైస్తవ నాయకుడు వి.ఎస్. అజరయ్య నిలబడి, మీ త్యాగాలు సరే, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని పాశ్చాత్య మిషనరీలని ముఖం మీదే అడిగాడు. ఆ మాట ఇప్పుడు పంపుతున్న మనందరికీ తగులుతుంది. వెళ్ళిన చోట పెద్దరికం చేసే బుద్ధి కూడా ఈ నలభై రోజుల్లో ఒప్పుకోవాల్సిన పాపమే అని నా అభిప్రాయం.

అపోహ: "మిషనరీలందరినీ దీవించు ప్రభువా" అంటే సరిపోతుంది.

వాస్తవం: అలా ఒక్క వాక్యంతో ముగించే ప్రార్థన మన నోటికి తప్ప ఎవరికీ పని చెప్పదు. ఒక్క కుటుంబాన్ని పట్టుకోండి, వాళ్ళ ప్రార్థన ఉత్తరం తెప్పించుకుని చదవండి. వీసా రెన్యువల్ టెన్షన్, నోరు తిరగని భాష, పిల్లల చదువు, చుట్టుపక్కల ఇంకో విశ్వాసి లేని ఒంటరితనం, భార్యాభర్తల మధ్య అలసట, వాళ్ళు రాసేవి ఎక్కువగా ఇవే. ఒక జాగ్రత్త: సువార్తకి అడ్డంకులున్న దేశాల్లో ఉన్నవాళ్ళ పేరు, ఫొటో, ఊరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. భక్తితో చేసిన ఒక్క ఫార్వర్డ్ వాళ్ళని ఆ దేశం నుంచి వెళ్ళగొట్టించగలదు.

అపోహ: మానేసిన భోజనాల డబ్బు ఈస్టర్ కానుకలో వేస్తే బాధ్యత తీరినట్టే.

వాస్తవం: యెషయా 58 చెప్పే ఉపవాసంలో ఆకలిగొన్నవాడికి పెట్టడం ఉంది, కాబట్టి తప్పకుండా వేయండి. కానీ మిషనరీ కుటుంబం ఉన్నచోట ఇంటి అద్దె నెలనెలా కట్టాలి. ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా, మానేసిన ఖర్చులో కొంత ఏడాది పొడవునా నెలనెలా పంపితే వాళ్ళు ధైర్యంగా పని చేసుకుంటారు. కవర్ మీద మీ పేరు రాయకపోయినా పర్లేదు, ఏ కుటుంబానికో మాత్రం రాయండి, లేకపోతే అది జనరల్ ఫండ్‌లో కలిసిపోతుంది.