స్పీడ్ మీటర్ సున్నా చూపిస్తోందని బెంగపడ్డ మనవలకి

చిరంజీవులు బన్నీకి, చిట్టికి, బెజవాడ నుంచి తాతయ్య ఆశీస్సులు.

వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూశాను, వాయిస్ మెసేజ్ కూడా విన్నాను, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే సగం అర్థం కాలేదు గానీ అర్థమైన సగం ఇదీ: కంప్యూటర్‌లో కింద మూల పెట్టుకున్న స్పీడ్ మీటరు, యూట్యూబ్ ఆడుతున్నా సున్నా అంటోంది, గేమ్ డౌన్‌లోడ్ పెడితే ఆ గేమ్ విండోలో 11 దాటట్లేదు, మీ నాన్న కట్టేది 100 ప్లాన్‌కి, కాబట్టి నెట్ వాళ్లు మోసం చేస్తున్నారు, కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి దులిపేస్తాను అని బన్నీ. ఆగరా నాయనా. ఆ అబ్బాయి ఎండలో పడి బ్రాడీపేట లైన్లన్నీ తిరిగి మీ ఇంటికొచ్చి, అన్నీ బాగానే ఉన్నాయి కదండీ అనేసి వెళ్తే పరువు పోయేది మీ నాన్నది. ముందు మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి చెబుతాను, కంప్యూటర్ ముందు కూర్చుని చదవండి.

అసలు ఆ మీటర్ ఏం చేస్తుందో తెలిస్తే సగం గొడవ ఉండదు. విండోస్ తన దగ్గరున్న ప్రతి నెట్‌వర్క్ అడాప్టర్‌కీ, అంటే నెట్ వచ్చిపోయే ప్రతి దారికీ, ఇన్ని బైట్లు లోపలికొచ్చాయి, ఇన్ని బయటికెళ్లాయి అని లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. మీ మీటర్ సెకనుకోసారి ఆ లెక్క చూసి, ఇందాకటి అంకె ఇప్పటి అంకెలోంచి తీసేసి, మిగిలింది తెర మీద వేస్తుంది. అంతే, ఇంకేం లేదు. మీరు ఏ ప్లాన్ తీసుకున్నారో దానికి తెలీదు, లైన్‌కి ఎంత సత్తా ఉందో అంతకన్నా తెలీదు. ఎవరూ ఏమీ వాడకపోతే సున్నా చూపిస్తుంది, అది కరెక్టే. స్పీడ్ టెస్ట్ వేరే సంగతి, అది కావాలని బోలెడు డేటా లాగి లైన్ నింపేసి అప్పుడు కొలుస్తుంది. అంటే లైన్‌కి ఎంత సత్తా ఉందో స్పీడ్ టెస్ట్ చెప్పాలి, ఇప్పుడు ఎంత వాడుతున్నారో మీటర్ చెప్పాలి. మీరు ఈ రెండూ కలిపేసి బుర్ర పాడు చేసుకుంటున్నారు.

ఇక వీడియో ఆడుతుంటే సున్నా సంగతి. ఇక్కడ రెండు ఉన్నాయి. ఒకటి, యూట్యూబ్ లాంటివి సినిమా అంతా ఒకే ధారగా పంపవు, కాసేపటికి సరిపడా ముక్క ఒక్కసారి గబుక్కున పంపేసి ఊరుకుంటాయి, అది అయిపోవస్తుంటే ఇంకో ముక్క. అందుకని మీటర్ ఒక్కసారి ఎగిరి కాసేపు సున్నా దగ్గర పడుకుని మళ్లీ ఎగరడం మామూలే. చిట్టి ఫొటో తీసింది సరిగ్గా ఆ పడుకున్నప్పుడేమో. ఒక నిమిషం పాటు కదలకుండా చూడండి, ఎప్పుడో ఒకప్పుడు ఎగురుతోందంటే మీటర్‌కి ఏ రోగమూ లేదు.

నిమిషమంతా సున్నాయే ఉంటే రెండోది, నా అనుమానమంతా దీనిమీదే. మీటర్ తప్పు అడాప్టర్‌ని చూస్తోంది. నేను ఇరిగేషన్‌లో పనిచేసినవాణ్ణి కదా, నాకు తెలిసిన భాషలో చెబుతా. ఇక్కడ ప్రకాశం బ్యారేజీ దగ్గర బెజవాడ వైపు నుంచి ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ అన్నీ బయల్దేరతాయి. ఏలూరు కాలవకి నీళ్లు వదిలి, బందరు కాలవ గేజీ దగ్గర నిలబడి నీళ్లు రావట్లేదని రిపోర్టు రాస్తే ఎట్లా ఉంటుంది? గేజీ అబద్ధం చెప్పలేదు, మనం నిలబడ్డ చోటే తప్పు. మీ కంప్యూటర్‌లో కూడా కాలవలు చాలా ఉంటాయి: లాన్ కేబుల్‌ది ఒకటి, వైఫైది ఒకటి, బ్లూటూత్‌ది ఒకటి, మీ నాన్న ఇంటి నుంచే ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి భద్రంగా వెళ్లడానికి వేసుకున్న వీపీఎన్‌ది ఒకటి, బన్నీ ఎప్పుడో లైనక్స్ నేర్చుకుంటానని వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్, వేశాడు చూడు, అది పెట్టిపోయిన ఉత్తుత్తి అడాప్టర్ ఇంకోటి. మొన్నటిదాకా మీరు వైఫై మీద ఉండి ఈ మధ్య కేబుల్‌కి మారారని మీ అమ్మ చెప్పింది. మీటర్ ఇంకా వైఫైనే పట్టుకుని కూర్చుని ఉంటుంది. దానిమీద రైట్ క్లిక్ కొట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్తే అడాప్టర్‌ని ఎంచుకునే చోటు ఉంటుంది, అక్కడ ఈథర్నెట్, అంటే లాన్ కేబుల్‌ది, పెట్టండి.

ఏది సరైన అడాప్టరో తెలియకపోతే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్ అనే చోటికి వెళ్తే ఎడమ పక్కన ఈథర్నెట్, వైఫై విడివిడిగా కనిపిస్తాయి. ఏదైనా డౌన్‌లోడ్ పెట్టండి, ఏ గీత లేస్తే అదే మీ దారి. అన్నట్టు ఇది విండోస్‌తో పాటే వచ్చేది కాబట్టి మీ మీటర్ నిజం చెబుతోందో లేదో తేల్చడానికి దీన్నే సాక్షిగా పెట్టుకోండి.

అడాప్టర్ సరిగ్గా పెట్టినా, టాస్క్ మేనేజర్‌లో గీత లేస్తున్నా, మీటర్ మాత్రం సున్నాయే అంటే అప్పుడు జబ్బు మీటర్‌దే. కొన్ని టూల్స్ విండోస్‌లో పెర్ఫార్మెన్స్ కౌంటర్స్ అనే వాటి నుంచి లెక్క తీసుకుంటాయి, అవి ఒక్కోసారి చెడిపోతాయి. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ వెతికి దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్, ఓ, డి, సి, టి, ఆర్ అని కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి ఆర్ కొట్టి ఎంటర్ నొక్కండి, ఆ కౌంటర్లని మళ్లీ కట్టేస్తుంది, తర్వాత రీస్టార్ట్ చేయండి. దీనికి మీ నాన్న పక్కన ఉండాలి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ చేతికి ఇవ్వొద్దని నేనే చెప్పాను.

ఇంకోటి, మీ మీటర్ పాతకాలందైతే అసలు కనపడకుండానే పోవచ్చు. ఇదివరకు విండోస్‌లో టాస్క్‌బార్ లోపల చిన్న పట్టీలాగా కూర్చునే టూల్స్ ఉండేవి, 2021లో వచ్చిన విండోస్ 11లో టాస్క్‌బార్‌ని కొత్తగా రాసినప్పుడు ఆ పట్టీలు పెట్టుకునే సౌకర్యం తీసేశారు. అందుకని పాత కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది కొత్తదాంట్లో ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా రాదు, దాంతో కుస్తీ పట్టొద్దు, కొత్త విండోస్‌కి రాసిన వేరే టూల్ వేసుకోండి. అది కూడా తయారుచేసినవాళ్ల సైట్ నుంచే, ఫ్రీ ఫ్రీ అని ఎర్రబటన్లు మెరిసే సైట్ల నుంచి కాదు, స్పీడ్ కొలిచేది కావాలని వెళ్లి స్పీడ్ తినేది తెచ్చుకుంటారు.

ఇప్పుడు 11 సంగతి. బన్నీ, నీ కోపం ఇక్కడే ఎక్కువగా ఉంది కదా, కాగితం పెన్ను తీసుకో. నెట్ ప్లాన్‌లో 100 అన్నది సెకనుకి 100 మెగాబిట్లు. గేమ్ విండో చూపించే 11 సెకనుకి 11 మెగాబైట్లు. బైట్‌కి 8 బిట్లు. 100ని 8తో భాగిస్తే 12.5. అదీ కాక ప్రతి డేటా ముక్కకీ ఎక్కడికెళ్లాలి, ఎక్కడి నుంచొచ్చింది అని ముందొక చీటీ అతికించి పంపుతారు, ఆ చీటీలు కూడా ఆ 100లోంచే పోవాలి, అందుకని నీకు 11 వస్తోందంటే ప్లాన్ దాదాపు మొత్తం అందుతున్నట్టే లెక్క. ఇంగ్లీషులో రాసేటప్పుడు బిట్‌కి చిన్న బి, బైట్‌కి పెద్ద బి వేస్తారు, చాలామంది పెద్దవాళ్లే అది చూడకుండా కస్టమర్ కేర్‌తో పోట్లాడతారు, మీకు తప్పేముంది. మీటర్ సెట్టింగ్స్‌లో యూనిట్ మార్చుకోవచ్చు, ప్లాన్‌తో పోల్చాలంటే బిట్లలో పెట్టుకోండి.

మీ అమ్మ చదువుకునే రోజుల్లో మన ఇంట్లో ఫోన్ లైన్ మీద నెట్ ఉండేది, 56 కిలోబిట్ల మోడెమ్, కిర్రు కిర్రుమని అరిచి కలిసేది, అంటే బాగా పనిచేసిన రోజున సెకనుకి 7 కిలోబైట్లు. 5 ఎంబీ పాట దిగాలంటే దాదాపు 12 నిమిషాలు, మధ్యలో ఎవరన్నా ఫోన్ ఎత్తారా, మళ్లీ మొదటికి. సరే, అదంతా మీకెందుకు.

మీ నాన్న వచ్చే నెల 200 ప్లాన్‌కి మారతానంటున్నాడు. మారాక స్పీడ్ టెస్ట్ 94, 95 దగ్గర ఆగిపోతే నాకు ఫోన్ చేయక్కర్లేదు, కేబుల్ చూడండి. లాన్ కేబుల్ లోపల 8 తీగలుంటాయి, జతలు జతలుగా మెలేసి. 100 స్పీడ్‌కి అందులో 4 తీగలు చాలు, అదే గిగాబిట్‌కి, అంటే 1000 స్పీడ్‌కి, 8 తీగలూ కావాలి. ఏ తలుపు సందులోనో నలిగి, ఏ ఎలకో కొరికి, 100కి అక్కర్లేని ఆ 4 తీగల్లో ఒక్కటి తెగినా నెట్ ఆగదు, రౌటరూ కంప్యూటరూ చప్పుడు చేయకుండా 100కి దిగిపోయి సర్దుకుంటాయి, మీకేమో అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇది పట్టుకోవడం తేలిక: సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర ఈథర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ అని రాసి ఉంటుంది, అక్కడ 1000 ఉండాలి, 100 ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి, అప్పటికీ మారకపోతే రౌటర్ వెనకున్న పోర్టులే 100వి అయ్యుంటాయి, చవక రౌటర్లలో అట్లాగే ఇస్తారు, అప్పుడు ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా డబ్బు దండగ. మీ హాల్లోంచి గదిలోకి వచ్చే కేబుల్ తలుపు కిందనుంచి వేశారు కదా, నాకు ఆ రోజే నచ్చలేదు.

వైఫై మీద కొలిచి ఎవరినీ తిట్టొద్దు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో పక్కింటి వాళ్లది, పైఇంటి వాళ్లది, వంటింట్లో మైక్రోవేవ్‌ది, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ కాస్త నయం కానీ గోడలు దాటితే త్వరగా నీరసిస్తుంది. గొడవ పెట్టుకోవాలంటే కేబుల్ మీద కొలిచిన లెక్కే నిలబడుతుంది.

చిట్టి అడిగింది, మేమేం చేయకపోయినా అప్‌లోడ్ ఎందుకు తిరుగుతోంది తాతయ్యా అని. మంచి ప్రశ్న, బన్నీకి తట్టలేదు చూశావా. ఫొటోలు వన్‌డ్రైవ్‌కి, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ అటకకి, పోతుండొచ్చు. లేదా విండోస్ తన అప్‌డేట్లని మీ కంప్యూటర్ నుంచి వేరే కంప్యూటర్లకి పంచుతుండొచ్చు, డెలివరీ ఆప్టిమైజేషన్ అని అప్‌డేట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఉంటుంది, అక్కరలేకపోతే ఆపేయొచ్చు. ఎవరు లాగుతున్నారో పేరుతో సహా కావాలంటే స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతకండి, అందులో నెట్‌వర్క్ దగ్గర ఏ ప్రోగ్రామ్ ఎంత పంపుతోంది, ఎంత తెచ్చుకుంటోంది వరసగా ఉంటుంది. అక్కడ మీకు తెలియని పేరు కనిపిస్తే వెంటనే తీసిపారేయకండి, ముందు ఫొటో తీసి నాకు పంపండి, విండోస్ సొంత పేర్లు కూడా దొంగపేర్లలాగే ఉంటాయి.

నెల మొత్తం లెక్క తేడాగా ఉందన్నారు, దానికి రెండు కారణాలు ఉండొచ్చు. అన్ని అడాప్టర్లూ కలిపి లెక్కపెట్టమని మీటర్‌కి చెబితే, వీపీఎన్ నడిచినంతసేపు అదే డేటా వీపీఎన్ దగ్గర ఒకసారి, ఈథర్నెట్ దగ్గర ఒకసారి పడి రెట్టింపు అవుతుంది. తక్కువ చూపిస్తోందంటే, పాత టూల్స్ 32 బిట్ల లెక్క వాడతాయి, అది దాదాపు 430 కోట్ల బైట్ల దాకానే ఎక్కి మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది, 100 ప్లాన్ నిండుగా వాడితే ఆరు నిమిషాలు కూడా పట్టదు ఆ తిరగడానికి. టూల్ మార్చడమే మందు.

ఇన్ని చూశాక కూడా కేబుల్ మీద, వేరే ఫోన్లూ టీవీ అన్నీ ఆపి, పొద్దున ఒకసారి రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ టెస్ట్ పెడితే రెండు పూటలా తక్కువే వస్తోందనుకో, అప్పుడు కనెక్షన్ వాళ్లకి ఫోన్ చేయండి. పొద్దున బాగుండి రాత్రే పడిపోతే వీధిలో అందరూ ఒకేసారి వాడటం వల్ల, అదీ వాళ్లకే చెప్పాలి. నెలాఖర్లో మాత్రమే తగ్గితే ముందు మీ నాన్నని ప్లాన్‌లో డేటా లిమిట్ ఎంతో చూడమనండి, లిమిట్ దాటాక స్పీడ్ తగ్గిస్తామని వాళ్లు ముందే రాసి ఉంటారు.

ఆదివారం లోపల నాకు మూడు ఫొటోలు కావాలి: మీటర్ సెట్టింగ్స్‌లో ఇప్పుడు ఏ అడాప్టర్ ఉందో అది, లింక్ స్పీడ్ చూపించే పేజీ, తలుపు కింద ఆ కేబుల్. మూడోది చిట్టి తీస్తే మంచిది, బన్నీ తీస్తే అన్నీ వాడి వేళ్లే పడతాయి.

ఆశీస్సులతో,
తాతయ్య